చివర ఏమవుతుందో తెలిసే చదువుతాను

(గ్రంథాలయ వారోత్సవాల్లో హన్మకొండలో మాట్లాడిన మాటలివి. మాట్లాడింది మాట్లాడినట్టే టైప్ చేసి పెడుతున్నాను.)

అందరికీ నమస్కారం. నన్ను పిలిచిన తమ్ముడు ఫోన్లో, "అక్కా, మీరు బాగా చదువుతారట కదా, మీకిష్టమైన పుస్తకాల గురించి ఒక అరగంట చెప్పండి" అన్నాడు. నేను ప్రేమ నవలలు చదువుతానని చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "అవి కాక ఇంకేమైనా చదువుతారు కదా, వాటి గురించైతే..." అన్నాడు. చదువుతాను తమ్ముడూ, చరిత్ర చదువుతాను, కథలు చదువుతాను. కానీ నలభై ఏళ్లుగా విడవకుండా చదివినవి ఇవే, నాకు నిజంగా నాలుగు ముక్కలు తెలిసింది వీటి గురించే, మైకు ఇస్తే దీని గురించే మాట్లాడతానన్నాను. ఒప్పుకున్నందుకు అతనికి థాంక్స్.

పదకొండేళ్లు కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రోజూ పోయి వచ్చాను, ఉద్యోగం అక్కడ, పిల్లల చదువులు ఇక్కడ. 132 కిలోమీటర్లు పోను, 132 రాను. డెయిలీ ప్యాసింజర్లు ఇక్కడెవరైనా ఉంటే తెలుసు, ఆడవాళ్లకు ఆ రైలు డబ్బా ఒక ఇల్లు లాంటిది. కూరగాయలు తరుగుతారు, నిద్రపోతారు, చిట్టీలు వేసుకుంటారు. నేను చదివేదాన్ని. నాకొక లెక్కుండేది. ఘన్‌పూర్ దాటేసరికి ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడాలి, జనగామకు గొడవ పడాలి, ఆలేరు వచ్చేసరికి ఆ గొడవలోనే ఒకరి మీద ఒకరికి గురి కుదరాలి, కిటికీలో భువనగిరి కోట గుట్ట కనబడేటప్పుడు ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి, ఘట్‌కేసర్‌లో విడిపోవాలి. సికింద్రాబాద్‌లో దిగేటప్పుడు వాళ్లు విడిపోయే ఉంటారు, నేను ఆఫీసులో సాయంత్రం దాకా ఆ బెంగతో పని చేస్తాను, తిరుగు బండిలో కలుపుకుంటాను. రెండు వందల పేజీల నవలకు ఇది సరిగ్గా సరిపోయేది. రచయిత్రి జనగామ దాకా కూడా హీరోని తీసుకురాకపోతే ఆ పుస్తకం అక్కడే మూసి బ్యాగులో పెట్టేసేదాన్ని.

కానీ నాకు చదవడం నేర్పింది రైలు కాదు. కోరుట్లలో మా అమ్మమ్మ వాళ్ల వసారా. అప్పుడది కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉంది. ఎండాకాలం సెలవులంటే మే నెలంతా నేనక్కడే. అన్నాలు తిన్నాక ఆ వసారాలో ఆరుగురు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. మా అమ్మమ్మ, మా చిన్నమ్మ, ఎదురింటి అత్త, ఇంకో ముగ్గురు. తునికాకు రాత్రే నానబెట్టి తడిబట్టలో చుట్టి పెట్టుకుంటారు, పొద్దున కత్తెరతో అన్నీ ఒకే కొలతకు కత్తిరించుకుంటారు, ఇక మధ్యాహ్నం నుంచి చుట్టుడే. ఆకులో చిటికెడు తంబాకు, వేళ్లతో ఒక దొర్లింపు, గోటితో మూతి మడత, దారం రెండు చుట్లు, టక్కున తెంపుడు. కూలి వెయ్యి బీడీల లెక్క. నాకు చుట్టడం రాకపోయేది, వేలు కోసుకునేదాన్ని. ఆ ఆరుగురిలో కూడబలుక్కుని చదవగలిగింది మా చిన్నమ్మ ఒక్కతే. అందుకని అమ్మమ్మ ఒకరోజు, "నువ్వు ఊకె కూసున్నవు గద బిడ్డా, ఆ బుక్కేందో మాకూ చదువు" అంది. నాకప్పుడు పదమూడేళ్లు. బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపులో రోజుకు అర్ధరూపాయికి తెచ్చిన నవల చేతిలో ఉంది.

ఒక రెండు మూడు రోజులకు నాకొక సంగతి అర్థమైంది. నా కళ్లు పుస్తకం మీద ఉంటే చెవులు వాళ్ల చేతుల మీద ఉండేవి. హీరో మేడ ఎట్లా ఉంటుంది, కారు ఏ రంగు, హీరోయిన్ ఆ రోజు ఏ చీర కట్టింది, ఇవన్నీ చదువుతుంటే దారాలు టక్ టక్ టక్‌మని తెగేవి. మేడ గురించి రెండు పేజీలు చదివితే ఆరుగురివీ కలిపి యాభై బీడీలు పడేవి చాటల్లో. అదే, ఇద్దరూ ఒక గదిలో ఉన్నారు, బయట వాన, ఎవరూ మాట్లాడటం లేదు, అతను చెప్పాలనుకుంటున్నాడు, చెప్పలేకపోతున్నాడు, అక్కడికొచ్చేసరికి టక్ టక్ ఆగిపోయేది. ఆరు జతల చేతులు. నేను తలెత్తి చూస్తే అందరూ నా నోటి వైపే చూస్తుండేవాళ్లు, సగం చుట్టిన బీడీ వేళ్ల మధ్య అట్లాగే ఉండేది. చేతులు ఆగితే కూలి ఆగినట్టే. వెయ్యికి వెయ్యి లెక్క చూసుకునే మనుషులు, ఒక మాట కోసం చేతులు ఆపుకున్నారంటే ఆ రచయిత్రి ఎంత బాగా రాసి ఉండాలి! ఇప్పటికీ నేను పుస్తకం చదువుతుంటే, ఇక్కడ వాళ్ల చేతులు ఆగుతాయా ఆగవా అని చూసుకుంటాను. నాకున్న కొలత అదొక్కటే.

ఒక నవలలో హీరో హీరోయిన్‌ని చెంపదెబ్బ కొడతాడు. ఆ రోజుల నవలల్లో అది మామూలే, కొట్టాక అతని కళ్లలో నీళ్లు తిరుగుతాయి, అది ప్రేమ అని మనకు అర్థం కావాలి. నేను కూడా అట్లాగే అనుకుని గొంతు పెట్టి చదివాను. చేతులు ఆగాయి. సీను పండింది అనుకున్నాను. ఎదురింటి అత్త అడిగింది, "చెయ్యి లేపిండా?" అని. అవునన్నాను. "ఎందుకు లేపిండు?" ఆమె వేరే అతనితో మాట్లాడుతుంటే చూశాడు అత్తా, అన్నాను. "అయితే నేను వాణ్ని ఒప్పుకోను. మల్ల మంచోడైనా ఒప్పుకోను" అని కత్తెర తీసుకుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. మిగతా నవలంతా ఆమె అక్కడే కూర్చుని విన్నది గానీ అతని పేరు వచ్చినప్పుడల్లా ముఖం అటు తిప్పుకునేది. ఆమె ఇంట్లో సంగతి నాకు పెద్దయ్యాక తెలిసింది. నేను మాత్రం ఆ దెబ్బను ప్రేమనుకునే ఇంకో ఇరవై ఏళ్లు చదివాను, అదే నాకు బాధ. ఇప్పుడు చెయ్యి లేపిన పేజీ దగ్గరే పుస్తకం మూసేస్తాను, ఎంత పెద్ద పేరున్న రచయితదైనా.

ఇంకొక నవలకు ఆఖరి ఫారం లేదు. పదహారు పేజీలు. ఎవరో చించుకుపోయారో, కుట్టు ఊడి పోయిందో. ఆమె అలిగి వాళ్ల ఊరికి వెళ్లిపోయింది, అతనికి తప్పు తెలిసొచ్చింది, బండి ఎక్కాడు, అంతే, అట్ట వచ్చేసింది. నాకు ఏడుపొచ్చింది. అమ్మమ్మ, "ఎందుకే ఏడుస్తవు, కలుస్తరు గద" అంది. అందరూ అదే అన్నారు, కలుస్తరు, అందులో ఏముంది అని. మరి ఎట్లా కలుస్తారు అని నేనడిగాను. ఆ సాయంత్రం దీపాలు పెట్టేదాకా అదే చర్చ. అమ్మమ్మ ఏమన్నదంటే, మొదలు అతని తల్లి పోవాలె, పిల్ల తల్లి కాళ్ల దగ్గర కూసోని అడగాలె, పిల్ల తరువాత సంగతి అంది. ఎదురింటి అత్త, అతనొచ్చేసరికి ఆమెకు నౌకరి దొరకాలె, రెండు నెలల జీతం చేతిల ఉండాలె, అప్పుడు ఆమె చెప్తది వస్తదో రాదో అంది. మా చిన్నమ్మ అందరికన్నా ఆఖర్న మాట్లాడింది. "ఆయన రావాలె. ఉత్తరం కాదు, మనిషి రావాలె. ఆమె బస్టాండ్ల నిలబడి చూడొద్దు. ఇంట్ల తన పనిల తనుండాలె. ఆయననే తలుపు కొట్టాలె."

చాలా ఏళ్ల తర్వాత హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అదే నవల పూర్తి కాపీ దొరికింది. అక్కడే నిలబడి ఆఖరి పదహారు పేజీలు చదివాను. ఆమె స్టేషనుకు పరుగెత్తుకొస్తుంది, అతని కాళ్ల మీద పడుతుంది. మా చిన్నమ్మ చెప్పిందే బాగుంది.

చివర తెలిసిన కథ ఎందుకు చదువుతారు అని నన్ను చాలామంది అడుగుతారు. మా ఆయన అడిగాడు, మా అబ్బాయి అడిగాడు, ఆఫీసులో అడిగారు. ప్రేమ నవలకు చివర కలవడం అనేది షరతు. ఇంగ్లీషులో ఈ పుస్తకాలను పెద్ద పరిశ్రమగా నడిపిన మిల్స్ అండ్ బూన్ లండన్‌లో 1908లో మొదలైంది, కెనడాలో హార్లెక్విన్ 1949లో మొదలై 1971లో దాన్ని కొనేసింది. ఇన్నేళ్లలో ఎన్ని మారినా ఆ ఒక్క షరతు మార్చలేదు. అమెరికాలో ప్రేమ నవలలు రాసేవాళ్ల సంఘం కూడా రెండే చెప్తుంది, కథకు నడుమ ప్రేమే ఉండాలి, ముగింపు మనసుకు తృప్తిగా, ఆశగా ఉండాలి అని. చివర్న ఒకరు చచ్చిపోతే అది మంచి పుస్తకమే కావచ్చు, గొప్ప పుస్తకమే కావచ్చు, కానీ నేను అడిగిన పుస్తకం కాదది. చాయ్ అడిగితే కాఫీ ఇచ్చినట్టు.

పోనీ మన దగ్గర చూడండి. కొమురవెల్లి మల్లన్న పెండ్లి కథ ఒగ్గువాళ్లు చెప్తుంటే రాత్రంతా కూర్చుంటాం. పెండ్లి కాకుండా పోతుందేమోనని ఎవరైనా కూర్చున్నారా? మన బమ్మెర పోతన భాగవతంలో రుక్మిణీ కల్యాణం ఉంది. పెండ్లి కుదరని ఆడపిల్లలతో దాన్ని చదివించే ఇండ్లు మీకూ తెలిసే ఉంటాయి, నాతోనూ చదివించారు, నలభై రోజులు. ఏముంది అందులో? అన్న ఒక సంబంధం ఖాయం చేశాడు, పిల్లకు ఇష్టం లేదు, ఆమె మనసులో ఇంకొకరున్నారు. అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడితో కబురు పంపింది. ఏడ్చుకుంటూ పంపిన కబురు కాదు, ఏ రోజు రావాలి, ఊరి బయట ఏ గుడికి తను వస్తుంది, అక్కడి నుంచి ఎట్లా తీసుకుపోవాలి, మొత్తం ప్లాన్ ఆమెదే. పంపించాక బ్రాహ్మణుడు తిరిగి రాడు. పోయాడో పోలేదో, దారిలో ఎక్కడన్నా అలసి ఆగిపోయాడో, విన్న ఆయన తప్పుగా అనుకున్నాడో, ఇట్లా ఆమె పడే టెన్షన్ ఉంది చూడండి, పోతన అక్కడ ఆగి రాశాడు. కృష్ణుడు వస్తాడని మనకు తెలుసు, పోతనకు తెలుసు, ఆమెకు తెలియదు. ఆ మధ్యలో ఉన్నదే నేను చదివేది. ఇంట్లో పెద్దవాళ్లే చేతికిచ్చి ఆడపిల్లతో చదివించిన ప్రేమకథ అది, దాన్ని చదివితే పుణ్యమన్నారు, అద్దె నవల చదివితే చెడిపోతావన్నారు. నాకు రెండింట్లోనూ కనిపించింది ఆ ఎదురుచూపే.

మా చిన్నమ్మ దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఎదురుచూపు అంటే నాకు గుర్తొచ్చేది ఆమే. పెండ్లైన మూడు నెలలకు మా బాబాయి దుబాయ్ పోయాడు. మన దగ్గర, ఆ జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇది ఇంటింటి కథ, నేను విడమరిచి చెప్పక్కర్లేదు. అప్పుడు ఫోన్లు లేవు. ఉత్తరం రాయడం ఇద్దరికీ అంతగా రాదు. క్యాసెట్ పంపుకునేవాళ్లు. అక్కడ టేప్ రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి రికార్డ్ చేసి, సెలవు మీద ఇంటికొచ్చే వాళ్లెవరితోనైనా పంపడం. ఒకరోజు మధ్యాహ్నం పక్క ఊరాయన సైకిల్ మీద వచ్చి వసారాలో నిలబడి జేబులోంచి క్యాసెట్ తీసి అమ్మమ్మ చేతికిచ్చి మంచినీళ్లు తాగి పోయాడు. నేను నవల చదువుతున్నాను. చిన్నమ్మ చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, క్యాసెట్ తీసుకుని లోపలి అర్రలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. సౌండ్ చాలా తక్కువ పెట్టింది. మాకు మాటలు వినబడవు, ఒక మగగొంతు గుయ్యిమని వినబడుతుంది అంతే. నేను చదవడం ఆపేశాను, ఎవరూ చదవమని అనలేదు. అందరూ చుట్టుకుంటున్నారు, చప్పుడు కాకుండా చుట్టుకుంటున్నారు. ఒక పక్క అయిపోయినట్టుంది, టక్‌మని శబ్దం, తిప్పి పెట్టింది. మళ్లీ గుయ్యిమని. మళ్లీ మొదటి పక్క పెట్టింది. బయటికొచ్చేసరికి పొద్దు వాలింది. వచ్చి ఏం మాట్లాడకుండా చాట ఒళ్లో పెట్టుకుంది. ఆ రోజు ఆమె లెక్క ఎట్లా పూర్తవుతుంది? ఎదురింటి అత్త తన చాటలోంచి ఒక కట్ట, ఇరవై ఐదు బీడీలు, తీసి ఆమె చాటలో వేసింది. తర్వాత ఇంకొకరు. అందరూ తలా ఒక కట్ట వేశారు. మాట ఎవరూ మాట్లాడలేదు.

ఈ కథ నేను చదివిన ఏ నవలలోనూ లేదు. వందల నవలలు చదివాను. పెండ్లికి ముందరి ప్రేమ ఉంటుంది, జమీందారు మేడలుంటాయి, విశాఖపట్నం బీచ్, ఊటీ గెస్ట్‌హౌస్ ఉంటాయి. పెండ్లైన మూడు నెలలకు మొగుడు పోతే, రెండేళ్లు క్యాసెట్ల మీద ప్రేమించుకుని, తిరిగొచ్చిన రోజు ఒకరి ముఖం ఒకరు కొత్తగా చూసుకున్న వాళ్ల మీద ప్రేమ నవల ఎందుకు రాయరు? బాబాయి వచ్చిన రోజు చిన్నమ్మ బస్టాండుకు పోలేదు. ఇంట్లోనే ఉంది.

భాష సంగతి కూడా చెప్పాలి, ఇది చెప్పకుండా దిగితే నాకు నిద్ర పట్టదు. నన్ను పెంచిన రచయిత్రులంటే నాకు ప్రాణం. యద్దనపూడి సులోచనారాణి గారు, కృష్ణా జిల్లా కాజలో 1940లో పుట్టారు, 2018లో పోయారు. ఆ వార్త విన్నరోజు నేను ఇంట్లో పనేమీ చేయలేకపోయాను. ఆమె, కోడూరి కౌసల్యాదేవి గారు, మాదిరెడ్డి సులోచన గారు, వీళ్లంతా రాస్తుంటే వారపత్రికలు వాళ్ల మీదే నడిచాయి, మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాసిన రోజులవి. ఆ నవలల్లో ఆడపిల్ల ఉద్యోగానికి పోయింది, తన జీతం తను తెచ్చుకుంది, డబ్బున్నవాడి ముందు తలెత్తి మాట్లాడింది. కోరుట్ల వసారాలో కూర్చుని నేను ఉద్యోగం చేయాలని అనుకున్నానంటే అందులో వాళ్ల చెయ్యి ఉంది. కానీ అందులో ప్రేమించుకునేవాళ్లంతా "ఏవండీ", "వచ్చారా" అనే మాట్లాడారు. మన తెలంగాణ మాట నేను చదివిన వాటిలో వంటమనిషి నోట్లోనో, నవ్వించేవాడి నోట్లోనో వినబడేది. దానితో ఏమైందంటే, నేను పెళ్లైన కొత్తలో మా ఆయనతో నవల భాషలో మాట్లాడేదాన్ని. మా ఆయన అయోమయంగా చూసేవాడు. ఎదురింటి అత్త "ఒప్పుకోను" అన్నప్పుడు ఉన్న బలం, చిన్నమ్మ "మనిషి రావాలె" అన్నప్పుడు ఉన్న తీపి, అది మన మాటలోనే వచ్చింది, దాన్ని వేరే మాటలోకి మారిస్తే సగం పోతుంది. "నువ్వంటే నాకు పానం" అని హీరో హీరోయిన్‌తో అంటే ఎవరూ నవ్వకుండా చదివే పుస్తకం నాకు కావాలి. ఇప్పుడు కొత్త పిల్లలు కొందరు రాస్తున్నారు, ఫోన్లో చదువుతున్నాను, చాలా సంతోషంగా ఉంది.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. నెలకొక నవల ఇచ్చే చతుర 1978 నుంచి వచ్చి 2021లో ఆగిపోయింది. నెల మొదట్లో దానికోసం స్టేషన్లో పుస్తకాల స్టాలు దగ్గర నిలబడటం నాకు చాలా ఏళ్ల అలవాటు, ఆగిపోయాక కొన్నాళ్లు కాళ్లు వాటంతట అవే అటు పోయేవి. ఇప్పుడు రాత్రి గిన్నెలు కడిగి, పాలు తోడేసి, పదిన్నరకు మంచం మీద గోడకు ఆనుకుని ఫోన్లో చదువుతాను. ప్రతిలిపి లాంటి యాప్‌లలో రోజుకొక భాగం వస్తుంది, కింద చదివినవాళ్లు రాసే మాటలుంటాయి. "ఆమె ఫోన్ చేసి అడగొచ్చు కదా" అని కనీసం ఒకరైనా రాస్తారు, నేనూ రాస్తాను. పాత నవలల్లో ఉత్తరం దారి తప్పితే ఇద్దరు మూడేళ్లు విడిపోయారంటే నమ్మాం, ఎందుకంటే ఉత్తరాలు నిజంగానే దారి తప్పేవి. ఇప్పుడు ఇద్దరి చేతిలో వాట్సాప్ ఉంది, మెసేజ్ చూసినట్టు నీలం గీతలు కనబడతాయి, అయినా అపార్థంతో నలభై భాగాలు లాగితే కోపం రాదా? వాళ్లను విడదీయడానికి నిజమైన కారణాలు మన చుట్టూ ఎన్ని లేవు! కులం లేదా, కట్నం లేదా, తండ్రి చేసిన అప్పు లేదా, ఇంట్లో మంచం పట్టిన తల్లి లేదా? అవి పెట్టి, అవి దాటించి, అప్పుడు కలపండి. కష్టమే. అట్లా కలిపిన రచయిత్రి పేరు కనబడితే ఇక ఆమె రాసిందల్లా చదువుతాను.

ఇంకొకటి, సగంలో ఆపేసే సీరియల్. ఒకామె నూట పన్నెండు భాగాలు రాసి ఆపేసింది. రెండేళ్లయింది. నేను ఆమెను ఏమీ అనను, ఆమె ఇంట్లో ఏం జరిగిందో ఏమో. కానీ ఆ ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు, వరంగల్ స్టేషన్ రెండో నంబరు ప్లాట్‌ఫాం మీద. నేను బండి దిగినప్పుడల్లా ఒకసారి అటు చూస్తాను.

నా దగ్గరొక నోట్‌బుక్ ఉంది. రూళ్ల పుస్తకం. చదివిన ప్రతి పుస్తకానికీ ఒక వరుస, తేదీ, పేరు, పక్కన ఒక్క మాట. "మళ్లీ", "చాలు", "సగం", అంతే. "మళ్లీ" అని రాసినవి చాలా తక్కువ, వాటిని నిజంగానే మళ్లీ చదువుతాను, కొన్నిటిని ఏడెనిమిది సార్లు. తెలియని రచయితదైతే మొదట ఆఖరి పేజీ చదువుతాను, ఇద్దరూ ఉన్నారని చూసుకుని మొదటి పేజీకి వస్తాను. ఇది తప్పని చాలామంది అంటారు. నా డబ్బు, నా రాత్రి, నేను ముందు చూసుకుంటాను.

2019లో మా అమ్మను ఆస్పత్రిలో పెట్టాం. పందొమ్మిది రోజులు. రాత్రులు నేనే ఉండేదాన్ని. డాక్టర్ పొద్దున ఒకటి చెప్తారు, సాయంత్రం ఇంకొకటి చెప్తారు, బిల్లు ఎంతవుతుందో తెలియదు, అమ్మ ఇంటికొస్తుందో రాదో తెలియదు. నేను ఆ నోట్‌బుక్‌లో "మళ్లీ" అని ఉన్న పుస్తకం ఒకటి తెచ్చుకుని స్టూల్ మీద కూర్చుని చదువుకునేదాన్ని. ఎందుకు ఆ సమయంలో ప్రేమ నవల అని మా ఆడబిడ్డ ఒక మాట అంది కూడా. అక్కడ నాకు చివర తెలిసింది అదొక్కటే. ఒకరాత్రి అమ్మకు నిద్ర పట్టక, "ఏం చదువుతున్నవే" అంది. చెప్పాను. "నాకూ చదువు" అంది. అమ్మ కూడా కోరుట్ల వసారాలో పెరిగిందే కదా. పక్క మంచాల వాళ్లు లేవకుండా చెవి దగ్గర వంగి మెల్లగా మొదలుపెట్టాను. నాలుగు పేజీలయ్యాక ఆపి, "చివర్న కలుస్తరు గద?" అంది. కలుస్తరమ్మా, అన్నాను. "అయితే తొందర లేదు. రోజింత చదువు" అంది. రోజుకు పది పేజీలు చదివాను. సగంలో ఉండగా డిశ్చార్జ్ చేశారు, మిగతా సగం ఇంటికొచ్చాక చదివాను.

ఇది గ్రంథాలయ వారోత్సవం కాబట్టి ఆ మాట ఒకటి. మన హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లో పెట్టారు, నిజాం కాలంలో, తెలుగు చదువుకోవడమే కష్టమైన రోజుల్లో. అంత పాత లైబ్రరీ ఉన్న ఊరు మనది. మన ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు లైబ్రరీ సెస్సు కడుతున్నాం. బీడీలు చుట్టే ఆమె ఇంటి పన్నులోనూ ఆ ఎనిమిది పైసలు ఉన్నాయి. నేను సభ్యత్వం తీసుకున్న ఒక లైబ్రరీలో ఒకసారి ఈ నవలలు అడిగితే, అవి టైంపాస్ పుస్తకాలమ్మా, మేము కొనం అన్నారు. పోటీ పరీక్షల పుస్తకాలు కొనండి, నేను వద్దనను, మా పిల్లలూ వాటితోనే చదువుకున్నారు. పక్కన ఒక్క అలమారా వీటికివ్వండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆడవాళ్లకు కొంచెం తీరుబడి దొరుకుతుంది, ఆ టైములో లైబ్రరీ తెరిచి ఉంచండి, కూర్చోవడానికి ఒక ఫ్యాను కింద నాలుగు కుర్చీలు వేయండి. చదవడం రానివాళ్లు వస్తే పైకి చదివే పిల్లను ఒకరిని కూర్చోబెట్టండి, నేనైతే ఫ్రీగా వచ్చి చదువుతాను, శుక్రవారాలు తప్ప ఏ రోజైనా.

ఇదిగో, ఈ సంచిలో నలభై రెండు నవలలు తెచ్చాను. నా సొంతవి. ఆఖరి ఫారాలున్నాయో లేవో అన్నీ రాత్రి కూర్చుని చూసుకున్నాను, ఉన్నాయి. రెండింటికి కుట్టు ఊడితే గోనెదారంతో కుట్టాను. అద్దె షాపులో పుస్తకాలకు ఆడవాళ్లు ఒక గుర్తు పెట్టేవాళ్లు, మీలో పెద్దవాళ్లకు తెలుసు, చదివిన పుస్తకమే మళ్లీ తీసుకుపోకుండా, ఒక పేజీలో పెన్సిల్‌తో ఒక టిక్కో, ఒక పువ్వో, పేరులో మొదటి అక్షరమో. పాత పుస్తకం తెరిస్తే ఆ పేజీ నిండా గుర్తులుండేవి, ఊళ్లో ఎంతమంది చదివారో తెలిసేది. నాది నలభయ్యో పేజీలో, అంకె కింద ఒక చుక్క. వీటన్నిటిలోనూ ఉంది. తీసుకుపోయినవాళ్లు చదివాక పక్కన మీ గుర్తు పెట్టి తెచ్చివ్వండి. పెన్సిల్ కూడా సంచిలోనే ఉంది.